కోచ్‌లు మారిన సంక్రాంతి

2026 సంక్రాంతి పండుగ పోయింది. బీబీపేట బస్టాండు దగ్గర కరెంటు తీగలకు చిక్కిన పతంగులు మాత్రం ఇంకా వేలాడుతున్నాయి. పట్నం నుంచి వచ్చిన పిల్లలు సకినాల డబ్బాలు సంచుల్లో సర్దుకుని మళ్లీ బస్సెక్కారు. పొద్దెక్కితే గానీ మంచు విడవడం లేదు. చెరువు కింద యాసంగి నాట్లు సాగుతున్నాయి. నిరుడు ఆగస్టు చివర్లో మా జిల్లా మీద విరుచుకుపడ్డ వానను ఎవరూ మరిచిపోలేదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. తలమడ్ల దగ్గర రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. తెగిన కట్టల సంగతి పక్కన పెడితే, నిలిచిన చెరువుల్లో నీళ్లకు ఈ యాసంగి కొదవ లేదు.

మిగతా కబుర్లంటారా, డిసెంబర్‌లో మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగి 22న కొత్త సర్పంచులు కుర్చీలెక్కారు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో నడిచిన పంచాయతీలకు మళ్లీ మనిషి దొరికాడు. ఓడినవాళ్లు ఏ వాడలో ఎన్ని ఓట్లు జారాయో ఇంకా వేళ్ల మీద లెక్కలు కడుతూనే ఉన్నారు. కామారెడ్డిలో మున్సిపాలిటీ ఎన్నికల మాట మొదలైంది. నెలాఖరుకు, 28 నుంచి 31 దాకా, మేడారం జాతర. బెల్లం ధర అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మా కామారెడ్డి బెల్లానికి ఇది గిరాకీ కాలం.

అయితే ఈసారి పండుగ మూడు రోజులూ మా ఇంట్లో నడిచిన ముచ్చట వేరు. ‘రాజా సాబ్’ ఎట్లా ఉంది, ‘మన శంకర వరప్రసాద్ గారు’ ఎట్లా ఉంది అని అందరి ఇళ్లలో వాదనలు నడుస్తుంటే, మా అరుగు మీద ఫుట్‌బాల్ కోచ్‌ల ఉద్యోగాలు ఊడిన లెక్క నడిచింది. కారకుడు మా మేనల్లుడు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో ఇంగ్లాండ్, స్పెయిన్ ఆటలు చూసి, పొద్దున చాయ్ తాగుతూ వార్త చదివే బాపతు. ‘‘మామా, ఇంకొకడు పోయిండు’’ అని వాడు అంటే, వంటింట్లోంచి మా అక్క ‘‘ఎవరురా, మనోళ్లేనా?’’ అని గాబరాగా బయటికొచ్చేది.

పోయినవాళ్లు మనవాళ్లు కాదుగానీ చిన్నవాళ్లేమీ కాదు. కొత్త సంవత్సరం నాడే లండన్‌లో చెల్సీ క్లబ్బుకు, కోచ్ ఎంజో మరెస్కాకు తెగిపోయింది. అంతకు ఆరు నెలల ముందే ఆయన ఆ జట్టుకు క్లబ్ ప్రపంచ కప్పు తెచ్చిపెట్టాడు. జనవరి 5న మాంచెస్టర్ యునైటెడ్ రూబెన్ అమోరిమ్‌ను పంపించేసింది. నిరుడు జట్టు 15వ స్థానానికి పడిపోయినా ఆయన్ని ఉంచారు. ఈసారి ఆరో స్థానంలో ఉన్నప్పుడు తీసేశారు. ముందు రోజు లీడ్స్‌లో ఆట అయ్యాక, తాను ఇక్కడికి మేనేజర్‌గా వచ్చాను గానీ వట్టి కోచ్‌గా రాలేదని విలేఖరుల ముందు కుండబద్దలు కొట్టాడు. తెల్లారేసరికి రెండూ లేవు. 12న రియల్ మాడ్రిడ్ వంతు. అంతకు ముందు రోజు జెడ్డాలో స్పానిష్ సూపర్ కప్పు ఫైనల్లో బార్సిలోనా చేతిలో 2-3తో ఓడారు. మర్నాడు షాబీ అలోన్సో బయట. జర్మనీలో లెవర్కూసెన్ జట్టుతో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ కొట్టి, ప్రపంచమంతా మెచ్చుకుంటుంటే ఏరికోరి తెచ్చుకున్న మనిషి. ఎనిమిది నెలలు నిండలేదు.

మా అక్క ప్రశ్న సూటిగా ఉంది. ‘‘గన్ని పైసలిచ్చి తెచ్చుకున్నోణ్ణి గిట్ల ఎట్ల ఎల్లగొడ్తర్రా? మిగిలిన జీతం ఇస్తరా, ఎగ్గొడ్తరా?’’

ఇస్తారు. అక్కడ ఒప్పందం గట్టిది. గడువు తీరకముందే పంపితే ఎంతివ్వాలో ముందే రాసుకుంటారు. ఈ ఎగ్గొట్టే సంగతి మాత్రం గుర్తుంచుకోండి, మన దగ్గరికి వచ్చాక పనికొస్తుంది.

ఇక కొత్తవాళ్లుగా ఎవరిని తెచ్చారో చూస్తే నాకు నవ్వొచ్చింది. ముగ్గురూ ఇంటి చుట్టుపక్కలవాళ్లే. చెల్సీ యజమానులకే ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బుర్గ్ అనే ఇంకో క్లబ్ ఉంది, అక్కడ కోచ్‌గా ఉన్న లియామ్ రోజీనియర్‌ను తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. మాంచెస్టర్ వాళ్లు తమ పాత ఆటగాడు మైకేల్ కారిక్‌ను పిలిచి ఈ సీజన్ ఆఖరు దాకా చూడమన్నారు. మాడ్రిడ్ వాళ్లు తమ రెండో జట్టు కోచ్ అర్బెలోవాను మెట్లెక్కించారు. ఆయన మొదటి ఆటలోనే రెండో డివిజన్ జట్టు అల్బాసెతే చేతిలో 3-2తో ఓడి స్పెయిన్ దేశవాళీ కప్పులోంచి బయటపడ్డారు. కారిక్ మొదటి ఆటలో మాత్రం ఊళ్లోని పగవాళ్లయిన మాంచెస్టర్ సిటీని 2-0తో ఓడించాడు. పట్టుమని వారం రోజుల శిక్షణ కూడా లేదు ఇద్దరికీ. అయినా ఒకరిని పొగిడారు, ఇంకొకరిని తిట్టారు. కోచ్ ఉద్యోగమంటే ఇంతే.

కోచ్‌ను ఎట్లా వెతుకుతారో కూడా మేనల్లుడు పూసగుచ్చినట్టు చెప్పాడు. కుర్చీ ఖాళీ అయిందని తెలిస్తే చాలు, ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. క్లబ్బులో ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే స్పోర్టింగ్ డైరెక్టర్ దగ్గర అప్పటికే ఒక జాబితా ఉంటుంది. ప్రస్తుత కోచ్ నవ్వుతూ పక్కన నిలబడి ఉన్నప్పుడే ఆ జాబితా తయారవుతుందట. తర్వాత వీడియో కాల్ మీద ఇంటర్వ్యూ. ‘మా జట్టు ఆటలు చూశావా, ఎవరిని ఎక్కడ ఆడిస్తావు, కుర్రాళ్లకు అవకాశమిస్తావా’ అని అడుగుతారు. కోచ్ ఒక్కడే రాడు. సహాయ కోచ్, ఫిట్‌నెస్ చూసేవాడు, గోల్‌కీపర్లకు నేర్పేవాడు, వీడియోలు కోసి చూపించేవాడు, ఇట్లా పరివారమంతా వెంట వస్తుంది. జీతం బేరం ఒక ఎత్తయితే ఈ పరివారం బేరం ఇంకో ఎత్తు. పైగా లైసెన్సు ఉండాలి. మన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) లాంటి లీగ్‌లో ప్రధాన కోచ్‌గా కూర్చోవాలంటే ప్రో లైసెన్స్ అనే పై మెట్టు చదువు కావాలి. బాగా ఆడినవాడల్లా కోచ్ కాలేడు.

ఇంతా విని మా పక్కింటి కాకా అడిగాడు. ‘‘గిదంతా బాగానే ఉంది బిడ్డా, మన హైదరాబాద్‌కు ఒక టీమ్ ఉండె గదా, దాని కోచ్ ఎవరిప్పుడు?’’

మేనల్లుడు నోరు మెదపలేదు. వాడి ఒంటి మీద ఉన్నది ఆ జట్టు పసుపు జెర్సీయే.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ కోచ్‌లను ఎంచుకోవడం గురించి ఎవరైనా పాఠం చెప్పాలంటే వాడుకోదగ్గ కథ. 2019లో, పుణె సిటీ క్లబ్ మూతపడ్డాక, ఆ స్థానంలో పుట్టింది. మొదటి కోచ్ ఇంగ్లాండ్ నుంచి వచ్చిన ఫిల్ బ్రౌన్. పేరున్నవాడే. హల్ సిటీ అనే చిన్న క్లబ్బును చరిత్రలో మొదటిసారి ప్రీమియర్ లీగ్‌కు తీసుకెళ్లినవాడు. అంతకంటే ఎక్కువగా ఇంకో పనికి ప్రసిద్ధి. 2008 డిసెంబర్ 26న మాంచెస్టర్ సిటీ మైదానంలో సగం ఆటకే 0-4తో వెనకబడితే, ఆటగాళ్లను గదిలోకి కూడా రానీయకుండా, వేలమంది చూస్తుండగా మైదానంలోనే చుట్టూ కూర్చోబెట్టి చీవాట్లు పెట్టాడు. ఆ ఆట చివరికి 1-5. హైదరాబాద్‌లో ఆయన ఎవరినీ మైదానంలో కూర్చోబెట్టలేదు గానీ, కూర్చోబెట్టాల్సినన్ని ఓటములు వచ్చాయి. 2020 జనవరిలో పంపించేశారు. ఆ సీజన్‌లో 18 ఆటల్లో రెండే గెలుపులు, 10 పాయింట్లు, పది జట్లలో పదో స్థానం.

అప్పుడు యజమానులు బుర్రపెట్టి వెతికి, బెంగళూరులో పేరు తెచ్చుకున్న ఆల్బర్ట్ రోకాను పట్టుకున్నారు. బార్సిలోనాలో ఫ్రాంక్ రైకార్డ్ దగ్గర సహాయ బృందంలో పనిచేసినవాడు. 2016లో బెంగళూరును ఏఎఫ్‌సీ కప్పు ఫైనల్ దాకా తీసుకెళ్లినవాడు. ఇంతకంటే ఏం కావాలి? వచ్చే సీజన్ నుంచి నువ్వే అన్నారు. సంతకాలయ్యాయి. ఈలోగా 2020 ఆగస్టులో బార్సిలోనా నుంచి ఫోన్ వచ్చింది, కొత్త కోచ్ రోనాల్డ్ కూమన్ దగ్గర ఫిట్‌నెస్ చూసుకోమని. రోకా వెళ్లిపోయాడు. ఎవరైనా వెళతారు. మెస్సీ ఉన్న జట్టు పిలిస్తే మన గచ్చిబౌలి స్టేడియం ఎవరికి గుర్తుంటుంది?

సీజన్ నెత్తిమీదికొచ్చింది. పైగా కరోనా. ఆ హడావిడిలో ఆగస్టు 31న తెచ్చుకున్న మనిషి మానొలో మార్కెజ్. బార్సిలోనావాడే, కానీ బార్సిలోనా క్లబ్బువాడు కాడు. స్పెయిన్‌లో కింది డివిజన్ల జట్లతో ఏళ్లకేళ్లు తిరిగినవాడు. 2017లో లాస్ పాల్మాస్ క్లబ్ పెద్ద లీగ్‌లో అవకాశమిస్తే కొద్ది నెలలకే రాజీనామా చేశాడు. తర్వాత క్రొయేషియా, థాయ్‌లాండ్. బయోడేటా చూసి ఎంపిక చేసేవాళ్లయితే పక్కన పెట్టేసే కాగితమది. హైదరాబాద్ కోరి తెచ్చుకున్నది కాదు, కోరినవాడు పోతే దొరికినవాడు.

ఆ దొరికినవాడే కప్పు తెచ్చాడు. మొదటి ఏడు ఐదో స్థానం, 29 పాయింట్లు, వెంట్రుకవాసిలో ప్లేఆఫ్ తప్పింది. ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లను ధైర్యంగా ఆడించాడు. రెండో ఏడు, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. రాహుల్ కె.పి. గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. స్టేడియం నిండా వాళ్ల పసుపే. మన పసుపు ఎక్కడో మూలకు పిడికెడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతితో లెక్క సరిపోయింది. పెనాల్టీల్లో కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఆ సీజన్‌లో బార్తొలొమ్యూ ఓగ్బెచే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. కరోనా వల్ల ఆ ఏడు ఆటలన్నీ గోవాలోనే జరిగాయి కాబట్టి హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క ఆట కూడా ఆడకుండానే ఛాంపియన్ అయింది!

మూడో ఏడు గచ్చిబౌలికి తిరిగొచ్చారు. లీగ్‌లో రెండో స్థానం. సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. ఆ తర్వాత మానొలో గోవాకు వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాడని బాధపడ్డాం గానీ, అసలు పగుళ్లు గోడల్లో ఉన్నాయని అప్పుడు తెలియలేదు. 2023-24లో ఐర్లాండ్ నుంచి కానర్ నెస్టర్‌ను తెచ్చారు, ఆ సీజన్ భారం మాత్రం మణిపూర్ మనిషి థాంగ్‌బోయ్ సింగ్తో భుజాల మీద పడింది. జీతాలు అందలేదు. బకాయిల వల్ల ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధించింది. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలిన కుర్రాళ్లను వేసుకుని సింగ్తో 22 ఆటలు ఆడించాడు. ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు. అట్లాంటి ఏడాదిలో కూడా వదిలిపోకుండా పదకొండు మందిని మైదానంలో నిలబెట్టిన మనిషిని ఎవరూ గొప్ప కోచ్ అనలేదు. నేనంటాను.

2024లో బీసీ జిందాల్ గ్రూపు క్లబ్బును కొనుక్కుంది. డిసెంబర్‌లో సింగ్తో వెళ్లిపోతే, రెండో జట్టుకు నేర్పుతున్న కేరళవాడు షమీల్ చెంబకత్ తాత్కాలికంగా బాధ్యత తీసుకున్నాడు. పదమూడు జట్లలో పన్నెండో స్థానంతో సీజన్ ముగిసింది. 2025 అక్టోబర్‌లో ఆ గ్రూపు జట్టును మూటకట్టుకుని దేశ రాజధానికి తీసుకెళ్లిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. కొత్త కోచ్ పోలండ్‌వాడు తోమాష్ చోర్జ్. కేరళ బ్లాస్టర్స్‌లో రెండో జట్టును చూసుకున్న అనుభవం ఉంది. కాకా అడిగినదానికి జవాబు ఇదీ. కోచ్ ఉన్నాడు, హైదరాబాదే లేదు.

ఆ మాట విన్న కాకా కాసేపు ఊరుకుని, ‘‘రహీం సాబ్ ఉండుంటే గిట్ల కాకపోవు’’ అన్నాడు. ఆయన రహీంను చూసిన వయసువాడు కాదు. ‘మైదాన్’ సినిమా టీవీలో చూశాడు, అంతే. కానీ మాట మాత్రం తీసిపారేసేది కాదు.

సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని తిప్పకుండా వెంటనే పక్కవాడికి ఇవ్వాలనే నిబంధనతో పోటీలు పెట్టేవాడు. కుడికాలివాటం వాళ్లు ఎడమకాలితోనే ఆడాలని ఇంకో పోటీ. ఇవన్నీ యూరప్ నుంచి సీడీల్లో తెచ్చుకున్నవి కావు, హైదరాబాద్ గల్లీ పిల్లల్ని చూసి ఆయన బుర్రలో పుట్టినవి. 1951 ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ బంగారం. ఆ ఫైనల్లో దక్షిణ కొరియా మీద, తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను తీసుకెళ్లి ముందు వరసలో ఆడించాడు. జర్నైల్ గోల్ కొట్టాడు. 2-1. అప్పటికే రహీంను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న పోయాడు. ఆ స్థాయి గెలుపు మనకు మళ్లీ రాలేదు.

ఆయన తర్వాత కూడా హైదరాబాద్ దేశానికి కోచ్‌లను పంపింది. సయ్యద్ నయీముద్దీన్ 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే ఏడు మూడు పెద్ద కప్పులు తెచ్చాడు, అదే ఏడు ద్రోణాచార్య అవార్డు. షబ్బీర్ అలీ గోవా జట్టు సాల్గాంకర్‌ను 1998-99 జాతీయ లీగ్ విజేతగా నిలిపాడు. ఒకప్పుడు కోల్‌కతా, గోవా కోచ్ కోసం హైదరాబాద్ వైపు చూసేవి. ఇప్పుడు హైదరాబాద్ కుర్రాడు ఢిల్లీ జట్టు కోచ్ పేరు పలకడానికి తంటాలు పడుతున్నాడు.

ఇక భారత జట్టు కోచ్ వేట గురించి చెప్పకపోతే ఈ కబుర్లకు ఉప్పు ఉండదు. మన పాత మానొలోనే 2024 జూలైలో దేశానికి కోచ్‌గా పెట్టారు, అటు గోవా క్లబ్ పని చేస్తూనే. ఆయన మొదటి ఆట గచ్చిబౌలిలోనే, సెప్టెంబర్‌లో మారిషస్ మీద. పాత ఊరు, తెలిసిన గడ్డి. 0-0. తర్వాత సిరియా మీద 0-3. నవంబర్‌లో మళ్లీ అక్కడే మలేషియాతో 1-1. మొత్తం ఎనిమిది ఆటల్లో ఒకే ఒక్క గెలుపు, అదీ మాల్దీవుల మీద. హాంకాంగ్ చేతిలో ఓడాక 2025 జూలైలో విడిపోయారు.

ఖాళీ కుర్చీకి దరఖాస్తులు పిలిస్తే 170 వచ్చాయి. అందులో బార్సిలోనా మాజీ కోచ్ షావీ పేరు కనిపించేసరికి దేశమంతా గంతులేసింది. మాంచెస్టర్ సిటీ కోచ్ పెప్ గ్వార్డియోలా పేరుతో కూడా ఒకటి ఉందన్నారు. తీరా భారత ఫుట్‌బాల్ సమాఖ్యే ఆ ఈమెయిళ్లు అసలువి కావని తేల్చింది. షావీ పేరుతో పంపింది వేలూరులో చదువుకునే 19 ఏళ్ల కుర్రాడని పత్రికలు రాశాయి. మా మేనల్లుడు ఇది చెప్పినప్పుడు నేను వాడి ముఖంలోకి కాసేపు అనుమానంగా చూశాను. ‘‘నేను కాదు మామా’’ అన్నాడు.

చివరికి ఐ.ఎం. విజయన్ నడిపే సాంకేతిక కమిటీ ముగ్గురిని వడపోసింది. పాత కోచ్ స్టీఫెన్ కాన్‌స్టాంటైన్, స్లొవేకియాకు చెందిన స్టెఫాన్ తార్కోవిచ్, మనవాడు ఖాలిద్ జమీల్. 2025 ఆగస్టు 1న ఖాలిద్‌నే ఎంచుకున్నారు. పదమూడేళ్ల తర్వాత ఆ కుర్చీలో ఒక భారతీయుడు. 2017లో మిజోరం నుంచి ఐజ్వాల్ అనే చిన్న జట్టును ఐ-లీగ్ విజేతగా నిలబెట్టిన మనిషి. దేశం కోచ్ కుర్చీ ఎక్కడానికి మూడు నెలల ముందు మన సూపర్ కప్పు ఫైనల్లో ఆయన జంషెడ్‌పూర్ జట్టును 3-0తో చిత్తుచేసింది ఎవరనుకున్నారు? మానొలో మార్కెజ్ గోవా! ఓడించినవాడు ఖాళీ చేసిన కుర్చీలో ఓడినవాడు కూర్చున్నాడు. కూర్చున్న నెల దాటగానే మధ్య ఆసియా దేశాల పోటీలో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చాడు. చప్పట్లు. అక్టోబర్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి ఆసియా కప్పు ఆశ పోయింది. నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో కూడా ఓటమి. చీవాట్లు. మానొలో మాత్రం గోవాకు తిరిగెళ్లి డిసెంబర్ 7న మళ్లీ సూపర్ కప్పు ఎత్తాడు.

ఇప్పుడు చెప్పండి, మానొలో మంచి కోచా, చెడ్డ కోచా? లాస్ పాల్మాస్‌లో కొద్ది నెలలు, హైదరాబాద్‌లో కప్పు, దేశానికి ఎనిమిది ఆటల్లో ఒక గెలుపు, గోవాలో మళ్లీ కప్పులు. మనిషి అతనే, తెలివీ అదే. హైదరాబాద్‌లో ఆయనకు మూడేళ్లు, రోజూ చేతికింద ఉండే కుర్రాళ్లు, అడ్డుపడని యాజమాన్యం దొరికాయి. జాతీయ జట్టులో ఏడాదికి కొన్ని రోజుల శిబిరాలు, గోల్ కొట్టేవాడు లేక రిటైరైన సునీల్ ఛెత్రీని 40 ఏళ్ల వయసులో మళ్లీ పిలుచుకోవాల్సిన పరిస్థితి దొరికాయి. అందుకే ‘ఎవరిని తేవాలి’ అన్న చర్చ మొదలైతే నాకు విసుగు. వచ్చినవాడికి ఏమిస్తారో ముందు చెప్పమనండి.

పెద్ద పేరు సంగతి మా నియోజకవర్గానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో కామారెడ్డి బరిలో అప్పటి ముఖ్యమంత్రి ఉన్నారు, ఫలితాలొచ్చిన నాలుగు రోజులకే ముఖ్యమంత్రి అయిన ఆయనా ఉన్నారు. గెలిచింది మాత్రం ఇద్దరూ కాదు, లోకల్ మనిషి కాటిపల్లి వెంకటరమణారెడ్డి. దేశమంతా మా వైపు చూసి ముక్కున వేలేసుకుంది. అది తప్పా ఒప్పా అన్నది ఎవరి పార్టీని బట్టి వారు చెప్పుకుంటారు, నేనందులో వేలు పెట్టను. అంత పెద్ద పేర్లను చూసి కూడా మావాళ్లు పోలింగ్ బూత్‌లో తడబడలేదన్న ఒక్క సంగతి మాత్రం క్లబ్బు యజమానులకు చెప్పాలనిపిస్తుంది.

మా వైపు ఫుట్‌బాల్ లేదనుకుంటారేమో. నిజమే, బడి గ్రౌండుల్లో కనిపించేది వాలీబాల్ నెట్టు, కబడ్డీ గీతలు, సెలవొస్తే క్రికెట్. కానీ 2016 దసరాకు విడిపోకముందు మాదీ నిజామాబాద్ జిల్లానే. ఆ జిల్లాలోని ఒక తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్. ఆ ఏడు ఆమె ఆడిన ఈస్ట్ బెంగాల్, ఆంథొనీ ఆండ్రూస్ శిక్షణలో, మహిళల లీగ్ గెలిచింది. పెద్ద కోచ్ చేతికి వెళ్లేముందు అట్లాంటి అమ్మాయిని ఎవరో ఒకరు పొద్దున్నే గ్రౌండుకు పిలిచి, బూట్లు చూపించి, ఇంట్లోవాళ్లను ఒప్పించి ఉంటారు. మన దగ్గర ఆ పని చేసేది బడిలో పీఈటీ సార్లు, జిల్లా కేంద్రంలో సొంత డబ్బుతో బంతులు కొనే కోచ్‌లు. వాళ్ల ఎంపికకు ఏజెంట్లుండరు, వాళ్లను తీసేస్తే వార్తా రాదు. పీఈటీ పోస్టు ఖాళీగా ఉన్న బడి మీ ఊళ్లో ఉంటే, కొత్త సర్పంచ్‌ను సీసీ రోడ్డుతో పాటు ఆ సంగతి కూడా అడగండి. ఇప్పుడే గెలిచారు కాబట్టి కొన్ని రోజులు వింటారు.

శ్రీనిధి దక్కన్ అనే ఇంకో క్లబ్ హైదరాబాద్ శివారులో ఉంది, మొయినాబాద్ వైపు సొంత మైదానంతో. పోర్చుగల్ కోచ్ కార్లోస్ వాజ్ పింటో చేతిలో 2022-23లో, 2023-24లో వరసగా రెండేళ్లు ఐ-లీగ్ రెండో స్థానం. రెండుసార్లూ ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయింది. గెలిచి పై లీగ్‌కు ఎక్కి ఉంటే ఐఎస్ఎల్‌లో తెలంగాణకు ఇవాళ ఒక జట్టు ఉండేది. పేపర్లవాళ్లు దీని గురించి రాసింది తక్కువ. మేమూ చూసింది తక్కువే.

లీగ్ నడిపే ఒప్పందం గడువు తీరిపోయి, టెండర్ వేస్తే ఒక్కరూ ముందుకు రాక, ఈ సీజన్ ఐఎస్ఎల్ ఉంటుందో ఉండదో తెలియని పరిస్థితి వచ్చింది. 2026 జనవరి 6న కేంద్ర క్రీడా మంత్రి మన్‌సుఖ్ మాండవీయ ఫిబ్రవరి 14న మొదలవుతుందని ప్రకటించారు. 14 క్లబ్బులు, 91 ఆటలు. తెలుగు నేల నుంచి ఒక్క క్లబ్ లేదు. గోవాలో మానొలో ఉంటాడు, చూడండి. ఢిల్లీ బెంచీ మీద చోర్జ్ ఉంటాడు, ఆయన మీద మాకేమీ కోపం లేదు.

హైదరాబాద్‌లో మళ్లీ ఒక క్లబ్ పెట్టాలన్న ఆలోచన ఏ వ్యాపారికైనా ఉంటే బీబీపేట అరుగు మీది నుంచి ఒక్క మనవి. విమానంలో ఎవరిని దింపాలా అని చూసేముందు, రెండేళ్ల జీతాలకు సరిపడా డబ్బు బ్యాంకులో వేసి పెట్టండి. కోచ్ స్పెయిన్‌వాడైనా సరే, మలక్‌పేటవాడైనా సరే. కామారెడ్డి నుంచి గచ్చిబౌలికి రెండున్నర గంటల ప్రయాణం, టికెట్టు కొనుక్కుని మేమే వస్తాం.